కౌంటర్ ఇవతలి నుంచి: గ్రంథాలయ, సమాచార వృత్తి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇష్యూ కౌంటర్ దగ్గర, శిక్షణ తరగతుల్లో, ప్రయాణాల్లో పక్క సీటువాళ్ల నుంచి ఏళ్ల తరబడి నేను విన్న ప్రశ్నలివి. కొన్ని తెలుసుకుందామని అడిగినవి, కొన్ని ఎకసెక్కానికి అడిగినవి. ఎవరు ఏ ఉద్దేశంతో అడిగారని చూడకుండా జవాబు చెప్పడం మా వృత్తిలో మొదట అబ్బే అలవాటు కాబట్టి, అన్నిటినీ ఇక్కడ కలిపేశాను.

లైబ్రేరియన్ అంటే పుస్తకం మీద తేదీ ముద్ర కొట్టి ఇచ్చే మనిషేగా?

ఆ పనీ చేస్తాం. మీ కంటబడేది అదొక్కటే కాబట్టి మా పనంతా అదేననిపిస్తుంది. మీ చేతికి వచ్చేలోపు ఆ పుస్తకం చాలా చేతులు మారుతుంది. ఉన్న డబ్బుతో ఏది కొనాలి, ఏది మానుకోవాలి అన్నది మొదటి తలనొప్పి. వచ్చాక యాక్సెషన్ రిజిస్టర్లో, అంటే కొత్తగా చేరిన పుస్తకాల చిట్టాలో, ఎక్కించాలి, అది ఏ విషయం కిందకు వస్తుందో తేల్చి నంబరు వెయ్యాలి, క్యాటలాగులో వివరాలు నింపాలి, వెన్ను మీద చీటీ అంటించాలి, సరైన అరలో సర్దాలి. అప్పుడు మీరొచ్చి తీసుకుంటారు, మేం ముద్ర కొడతాం.

ఎస్.ఆర్. రంగనాథన్ లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యారు. 1931లో పుస్తకంగా అచ్చయిన ఆయన ఐదు గ్రంథాలయ సూత్రాలను ప్రపంచమంతా ఇప్పటికీ పాఠంగా చెబుతోంది. పుస్తకాలు ఉన్నది వాడటానికే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి, పాఠకుడి సమయం ఆదా కావాలి, గ్రంథాలయం పెరిగే ప్రాణి. నన్నడిగితే నాలుగోది మిగతా నాలుగింటినీ మోస్తుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అదే.

మరి "సమాచార నిపుణులు" అంటే వేరే ఎవరో అనుకున్నానే?

అదే వంశం. భవనం మారితే పేరు మారుతుంది, అంతే. ఆసుపత్రిలో డాక్టర్ల కోసం వైద్య పరిశోధనలు వెతికిపెట్టే వాళ్లు, లాయర్ల సంస్థల్లో పాత తీర్పులు తవ్వితీసే వాళ్లు, పత్రికాఫీసులో పాత వార్తల భాండాగారం చూసే వాళ్లు, ప్రభుత్వ దస్తావేజులను భద్రపరిచే ఆర్కైవిస్టులు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన డేటాను ఒక పద్ధతిలో పెట్టే డేటా లైబ్రేరియన్లు, అందరూ ఈ కోవలోకే వస్తారు. చాలామంది పని గదుల్లో ఒక్క పుస్తకం కూడా ఉండదు. ఈ వృత్తికి అంతర్జాతీయ సమాఖ్య కూడా ఉంది, పేరు ఇఫ్లా, 1927లో ఎడిన్‌బరోలో పుట్టింది.

అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. ఇంకా మీరెందుకు?

నాకు అందరికంటే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇది. దొరికింది ఎలాగూ కనిపిస్తుంది. దొరకనిది ఏమిటో తెలిసేదెలా?

2001లో అమెరికాలో ఒక పేరున్న విశ్వవిద్యాలయంలో ఆస్తమా మీద పరిశోధన జరిగింది. ఆరోగ్యంగా ఉండి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చేత హెక్సామెథోనియం అనే మందును పీల్పించారు. వారిలో 24 ఏళ్ల యువతి ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు చేటు చేయవచ్చన్న సంగతి 1950ల నాటి వైద్య పత్రికల్లో ఉంది. పరిశోధకుడు వెతకలేదని కాదు, వెతికాడు. ఆయన ప్రధానంగా ఆధారపడిన పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచికలో అప్పట్లో 1966 నుంచి వచ్చిన వ్యాసాలే ఉండేవి. అంతకుముందువి అచ్చు సూచికల్లో, బైండు చేసిన సంపుటాల్లో ఉండిపోయాయి. తెర మీద "ఫలితాలు ఇంతే" అని కనిపిస్తే లోకంలో ఉన్నదీ ఇంతే అనుకోవడం మానవ సహజం. ఈ డేటాబేసు ఏ ఏడు దగ్గర మొదలవుతుంది, ఇందులో ఏ పత్రికలు లేవు, ఆ రోజుల్లో ఈ మందును ఏ పేరుతో పిలిచేవారు అన్న ప్రశ్నలు అలవాటుగా వేసే మనిషి ఒకరు పక్కన ఉండటానికీ లేకపోవడానికీ తేడా అక్కడ తెలిసింది. ఆ ఘటన తర్వాత, మనుషుల మీద చేసే ప్రయోగాలకు ముందు సమాచార అన్వేషణలో లైబ్రేరియన్ ఉండాలన్న వాదన గట్టిగా వినపడింది.

ఫోన్లో వెతకొద్దని నేననను. రేపు వర్షం పడుతుందా అని అడగటానికి ఎవరూ నా దగ్గరికి రానక్కర్లేదు.

నేనడిగింది ఇవ్వకుండా ఎదురు ప్రశ్నలు వేస్తారెందుకు?

అడిగింది ఇస్తే మీకు కావలసింది దొరకదు కాబట్టి. విసుగ్గా ఉంటుందని తెలుసు. ఒక సంగతి చెబుతాను.

ఒకాయన హడావుడిగా వచ్చి "కళ్ల డాక్టర్లు చదివే పుస్తకాలు ఎక్కడున్నాయండీ?" అన్నారు. కంటి వైద్యం పుస్తకాలుండే 617.7 అర చూపించి చెయ్యి దులుపుకోవచ్చు. ఆయన నిలబడిన తీరు చూస్తే డాక్టరూ కాదు, వైద్య విద్యార్థీ కాదు.

"ఉన్నాయండీ. వాటిలో ముఖ్యంగా దేని గురించి చూద్దామని?"

"చూపు మందగించడం గురించి."

"ఆ వివరంతో మీరు ఏం చేద్దామనుకుంటున్నారో చెబితే దానికి తగ్గది తీసిస్తాను."

కాసేపు ఆగారు. "మా అమ్మకండీ. డాక్టరు ఇంక మందుల్లేవన్నాడు. ఆవిడకి రోజూ నవల లేకపోతే పొద్దుపోదు. ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు."

ఆయనకు కావలసింది కంటి వైద్యం పుస్తకం కాదు, వాళ్లమ్మకు నవల. ఇరవై నిమిషాల్లో పెద్ద అక్షరాల పుస్తకాలు రెండూ, ఆడియో పుస్తకాలు ఎలా వినాలో రాసిన చీటీ ఒకటీ పట్టుకుని వెళ్లారు. ఆయన మొదట అడిగిందానికి సరిగ్గా జవాబిచ్చి ఉంటే, బరువైన పుస్తకం ఒకటి మోసుకెళ్లి, నాలుగు రోజుల తర్వాత తెరవకుండానే తిరిగి ఇచ్చేవారు.

దీన్ని మేం రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటాం. అందులో "ఎందుకు?" అన్న మాట వాడకూడదని నేర్పుతారు. ఆ మాట వినగానే మనిషి సంజాయిషీ చెప్పుకోవాలేమో అనుకుంటాడు. "దాంతో ఏం చేద్దామనుకుంటున్నారు?" అంటే ఇష్టమున్నంత చెబుతాడు. చెప్పకపోయినా మాకు అభ్యంతరం లేదు, అప్పుడు 617.7 చూపిస్తాం.

పుస్తకం వెన్ను మీద ఉండే ఆ అంకెల అర్థమేంటి?

అది పుస్తకం ఇంటి నంబరు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి ప్రకారం జ్ఞానమంతా 000 నుంచి 999 దాకా పది పెద్ద తరగతులు. 500లు శాస్త్రాలు, 510 గణితం, 610 వైద్యం, 800లు సాహిత్యం. చుక్క తర్వాత అంకెలు పెరిగేకొద్దీ విషయం సన్నబడుతుంది. దీని గొప్పదనం ఏమిటంటే, మీకు కావలసిన పుస్తకం పక్కనే, మీకు తెలియకుండానే కావలసిన ఇంకో పుస్తకం ఉంటుంది. చాలామంది పాఠకులకు అసలు పుస్తకం అలాగే దొరుకుతుంది.

లోపాలూ ఉన్నాయి, వాటిని దాచడం నాకు నచ్చదు. ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి 829 దాకా పది అంకెల మాగాణి. తెలుగు సాహిత్యానికి? 894.827. "మిగతా భాషలు" అన్న వాకిట్లో, చుక్క తర్వాత మూడో అంకె దగ్గర ఒక మూల. 200ల్లో మతాలకు ఇచ్చిన చోటులో సింహభాగం ఒక్క క్రైస్తవానికే, ప్రపంచంలోని మిగతా మతాలన్నీ 290ల్లో సర్దుకోవాలి. 19వ శతాబ్దపు అమెరికా కాలేజీలో కూర్చున్న మనిషికి లోకం ఎలా కనిపించిందో ఆ పట్టిక చెబుతుంది. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ అనే తన సొంత పద్ధతి తయారుచేయడానికి ఇలాంటి అసంతృప్తి కూడా ఒక కారణం.

అరల మీది అంకెలే కాదు, మేం పెట్టే విషయ శీర్షికలు కూడా అమాయకమైనవి కావు. అనుమతి లేకుండా దేశంలో ఉంటున్నవారి గురించిన పుస్తకాలకు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చాలా కాలం "ఇల్లీగల్ ఏలియన్స్" అన్న శీర్షిక వాడింది. మనుషుల్నే అక్రమం అనడమేంటని విద్యార్థులు, లైబ్రేరియన్లు కలిసి ప్రశ్నిస్తే, ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాక 2021లో మార్చారు. ఒక మాట మార్చడానికి ఇంత రభసా అనుకోవచ్చు. ఆ మాటతోనే లోకమంతా వెతుకుతుంది మరి.

ఒక పుస్తకాన్ని క్యాటలాగులో ఎక్కించడానికి అంత సమయం దేనికి?

పేరు, రచయిత, ధర టైపు చేయడమే అయితే రెండు నిమిషాలు చాలు. చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఒకే రచయిత ఒక పుస్తకం మీద ఇంటిపేరుతో, ఇంకో దాని మీద పొడి అక్షరాలతో, మరోదాని మీద కలంపేరుతో కనిపిస్తారు. ఇద్దరు వేర్వేరు మనుషులకు ఒకే పేరుంటుంది. రోమన్ లిపిలోకి వెళ్తే "లక్ష్మి" చివర ఐ పెట్టేవాళ్లు, వై పెట్టేవాళ్లు, రెండు ఈలు పెట్టేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ ఒక్కరేనా కాదా అని తేల్చి, ఏ రూపంతో వెతికినా అన్ని పుస్తకాలూ ఒక్కచోట కనిపించేలా ముడివెయ్యాలి. ఇది తేల్చడానికి నేను ఒకసారి ఒక పూటంతా ముందుమాటలు చదువుతూ కూర్చున్నాను. చివరికి తేలిందేమంటే, నాలుగు పుస్తకాలు తండ్రివి, మూడు కొడుకువి.

ఈ పని పాతదే. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కల్లిమాకస్ 120 చుట్టల్లో రచయితల పట్టిక తయారుచేశాడట. క్యాటలాగు వివరాలను కంప్యూటరు చదివేలా రాయడానికి ఇప్పుడు మేం వాడే మార్క్ ఫార్మాట్‌ను 1960ల్లో హెన్రియెట్ అవ్రమ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ రూపొందించారు. అందులో 100 అంటే రచయిత, 245 అంటే పేరు. మాలో మేం మాట్లాడుకునేటప్పుడు "ఈ రికార్డులో 245 తప్పుంది" అంటే బయటివాళ్లకు అది రహస్య భాషలా వినిపిస్తుంది.

క్యాటలాగు పోతే ఏమవుతుందో 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగినప్పుడు లోకం చూసింది. పుస్తకాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆన్‌లైన్ క్యాటలాగు మాత్రం 2024 జనవరి దాకా తిరిగి రాలేదు. అన్నాళ్లూ పరిశోధకులకు ఆ కోట్ల ప్రతులు కళ్లెదుట ఉండి చేతికందని సొమ్ము.

కృత్రిమ మేధ వచ్చేసింది. మీ ఉద్యోగాలు ఉంటాయా?

కొన్ని పనులు పోతాయి, పోవాలి కూడా. ముఖచిత్రం ఫొటో నుంచి వివరాలు లాగడం, పాత అచ్చును అక్షరాలుగా మార్చడం, వ్యాసానికి ముఖ్యపదాలు సూచించడం లాంటి వాటికి నేనూ వాడుతున్నాను. తప్పులు దిద్దుకుంటూ వాడితే సమయం కలిసొస్తుంది.

అయితే ఈ మధ్య నాకు కొత్త పనొకటి తగిలింది. విద్యార్థులు చాట్‌బాట్ ఇచ్చిన గ్రంథసూచి పట్టుకొచ్చి "ఈ వ్యాసాలు తెప్పించండి" అంటారు. చూస్తే వ్యాసం పేరు చక్కగా ఉంటుంది. పత్రిక నిజంగానే ఉంది. సంపుటం ఉంది. ఆ పేజీ తీస్తే అక్కడ ఇంకెవరిదో వ్యాసం, ఇంకేదో విషయం. మొదట్లో మా క్యాటలాగులోనే తప్పేమోనని అనుమానపడ్డాను. ఇప్పుడు ఆ సంపుటాన్ని తీసి వాళ్ల ముందే తెరుస్తాను. లేని వ్యాసం "లేదు" అని నోటితో చెప్పే దానికంటే, ఆ పేజీని వాళ్ల కళ్లతో చూస్తే బాగా ఎక్కుతుంది. 2023లో న్యూయార్క్ కోర్టులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమనుకుని దాఖలు చేసి జరిమానా కట్టారు. లా లైబ్రేరియన్‌ని అడిగి ఉంటే పది నిమిషాల్లో బయటపడేది.

ఏది నిజం, ఏది అబద్ధం అని మీరే తేల్చి చెప్పేయొచ్చుగా?

చెప్పను. తేల్చుకునే దారి చూపిస్తాను. ఒక వెబ్‌సైటు నమ్మదగ్గదా అని చూడటానికి చాలామంది ఆ సైటులోనే కిందిదాకా చదువుతారు, "మా గురించి" పేజీ చూస్తారు, డిజైను చూస్తారు. దొంగ తన గురించి తాను మంచిగానే రాసుకుంటాడు కదా! అనుభవమున్న నిజనిర్ధారకులు వెంటనే ఆ పేజీ వదిలేసి, వేరే ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూస్తారని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు గమనించారు. చరిత్ర ఆచార్యులు కూడా ఈ విషయంలో వాళ్లకంటే వెనకపడ్డారు. ఈ ఒక్క అలవాటు నేర్పితే చాలు, నా తీర్పు మీకు అవసరం ఉండదు. అదీగాక, ఈరోజు నా మాట విని నమ్మేవారు రేపు ఇంకెవరి మాటో విని నమ్ముతారు.

జబ్బు గురించో, కోర్టు కేసు గురించో సలహా ఇస్తారా?

ఇవ్వం. చట్టం పుస్తకం తీసిస్తాం, మీ కేసు గెలుస్తుందో లేదో చెప్పం. మందు గురించి నమ్మకమైన సమాచారం చూపిస్తాం, వేసుకోమనో మానమనో అనం.

నేనేం చదువుతున్నానో ఎవరికైనా చెబుతారా?

మీ ఇంట్లోవాళ్లు అడిగినా చెప్పం. ఏ పుస్తకం కోసం మీరొచ్చారో అది మీకూ మాకూ మధ్య మాట. పెళ్లి విడాకుల చట్టం, మద్యం మానడం, మానసిక సమస్యలు, ఇలాంటి వాటి గురించి చదవడానికి వచ్చినవాళ్లు నలుగురికీ తెలుస్తుందని భయపడితే గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లలో, పుస్తకం తిరిగి ఇచ్చాక దానికీ మీ పేరుకీ ఉన్న లంకె తెగిపోయేలా అమర్చే వీలుంటుంది.

పాత బుక్ కార్డుల మీద అంతకుముందు తీసుకున్నవాళ్ల పేర్లు వరసగా కనిపించేవి. ఆ కార్డులంటే నాకూ ముచ్చటే, కానీ ఆ పద్ధతి పోవడమే మంచిదయింది.

2005లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఎఫ్‌బీఐ వాళ్లు లైబ్రరీ కంప్యూటరు వాడినవారి వివరాలు ఇమ్మని, ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని లేఖ ఇచ్చారు. నలుగురు లైబ్రేరియన్లు ఇవ్వబోమంటూ కోర్టుకెక్కారు. కేసు నడుస్తున్నంతకాలం తామే ఆ పిటిషనర్లమని బయట చెప్పుకునే హక్కు కూడా వాళ్లకు లేదు. 2006లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఫలానా పుస్తకం పెట్టొద్దని నలుగురూ అంటే తీసేస్తారా?

అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వమంటాం, పుస్తకం చదివి సమీక్షిస్తాం, నిర్ణయం కారణాలతో చెబుతాం. అరలో ఉన్నంత మాత్రాన ఆ పుస్తకం చెప్పేదంతా మేం ఒప్పుకున్నట్టు కాదు. ఒకే విషయం మీద ఒకదాన్నొకటి తిట్టుకునే పుస్తకాలు పక్కపక్కన ప్రశాంతంగా కూర్చునే చోటు ఇదే. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే ఈ మాటను హక్కుల పత్రంగా రాసుకుంది.

బయటివాళ్ల ఒత్తిడి కంటే నాకు మా లోపలి పిరికితనం ఎక్కువ భయం. గొడవ అవుతుందేమోనని ఒక పుస్తకాన్ని అసలు ఆర్డరే పెట్టకపోతే ఎవరికీ తెలియదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. నేనూ ఒకటి రెండుసార్లు ఆ పని చేశాను.

పాత పుస్తకాలు మీరే పారేస్తారట, నిజమేనా?

నిజం. దీన్ని మేం వీడింగ్ అంటాం, అచ్చంగా కలుపు తీత. స్థలం ఒక్కటే కారణం కాదు. 30 ఏళ్ల నాటి మందుల మోతాదు పుస్తకం అరలో ఉంటే అది జ్ఞానం కాదు, ప్రమాదం. రద్దయిపోయిన చట్టం పుస్తకం చదివి ఒకరు దరఖాస్తు పెట్టుకుంటే ఆ పాపం మాది.

కానీ కలుపనుకుని పైరు పీకిన రోజూ ఉంది. టైప్‌రైటర్ మరమ్మతు గురించిన సన్నటి పుస్తకం ఒకటి, తేదీ చీటీ మీద ఇరవై ఏళ్లుగా ఒక్క ముద్ర లేదు. పైగా వెన్ను ఊడిపోయింది. తీసేశాను. మూడు వారాలు తిరక్కుండా ఒకమ్మాయి వచ్చింది. తాతగారి టైప్‌రైటర్ అటక మీద దొరికిందట, బాగుచేసే మనిషి ఎక్కడా లేడట. "అలాంటి పుస్తకం ఉంటుందా సార్?" అని అడిగింది. ఉండేది అని చెప్పడానికి నోరు రాలేదు. వేరే లైబ్రరీ నుంచి ఇంటర్ లైబ్రరీ లోన్ మీద తెప్పించాను, పన్నెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి తీసేసే ముందు ఇంకెక్కడైనా ప్రతి ఉందో లేదో చూడందే చెయ్యి వెయ్యను. చివరి ప్రతి అయితే చిరిగినా సరే ఉంటుంది.

అన్నిటినీ స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

స్కాన్ చేయాల్సిందే. 19వ శతాబ్దం మధ్య నుంచి కలప గుజ్జుతో, పటిక కలిపి చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది లోపలి నుంచే కాగితాన్ని తినేస్తుంది. పసుపు పచ్చబడి, మడిస్తే విరిగిపోయే ఆ పేజీలు మీరూ చూసే ఉంటారు. తమాషా ఏమిటంటే, అంతకు కొన్ని వందల ఏళ్ల ముందు గుడ్డపీలికలతో చేసిన కాగితం ఇంకా గట్టిగా ఉంటుంది.

స్కాన్ చేశాక అసలు పని మొదలవుతుంది. "స్కాన్ 0047" అన్న పేరుతో పడున్న ఫైలు, బావిలో పడేసిన పుస్తకంతో సమానం. లోపలి మాటలు వెతకాలంటే బొమ్మను అక్షరాలుగా మార్చాలి. మన లిపిలో థ, ధ మధ్య తేడా లోపలి చిన్న చుక్క. పాత అచ్చులో ఆ చుక్క చెరిగిపోతే యంత్రం "కథ"ను "కధ" అని చదువుతుంది. మీరు "కథ" అని వెతికితే ఆ పుస్తకం లేనట్టే. ఒక సంకలనంలో నేను ఈ ఒక్క తప్పునే వంద చోట్ల దిద్దాను.

ఇక ఇంటర్నెట్ శాశ్వతం అన్న భ్రమ ఉంటే వదులుకోండి. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత కనిపించడం లేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్కగట్టింది. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివి లేకపోతే ఆ చరిత్రకు ఆనవాలు కూడా మిగలదు.

కొన్నిసార్లు కాపాడటం అంటే మోసుకుపోవడమే. 2012లో మాలీ దేశంలో టింబక్టు సాయుధ మూకల చేతికి చిక్కింది. అబ్దెల్ కాదర్ హైదరా అనే గ్రంథపాలకుడు, ఆయన తోటివాళ్లు, అక్కడి కుటుంబాలు కలిసి, శతాబ్దాల నాటి చేతిరాత ప్రతులను రేకు పెట్టెల్లో సర్ది బండ్ల మీద, పడవల మీద రాజధాని బమకో చేర్చారు. ఏ కోర్సులోనూ నేర్పని పని అది.

చూపులేని వారికి మీరేం చేయగలరు?

చట్టం అనుమతించినంత, చట్టాన్ని మార్పించగలిగినంత. పుస్తకాన్ని బ్రెయిలీలోకో ఆడియోలోకో మార్చాలంటే చాలా దేశాల్లో కాపీరైట్ అడ్డొచ్చేది. ఒక దేశంలో మార్చిన ప్రతిని సరిహద్దు దాటించడం ఇంకా కష్టం. 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందం ఆ అడ్డు తీసింది, 2016లో అమల్లోకి వచ్చింది. దాన్ని మొట్టమొదట ధ్రువీకరించిన దేశం భారతదేశం. ఆ ఒప్పందం కోసం చూపులేని వారి సంఘాలతో పాటు లైబ్రేరియన్ల సంఘాలూ ఏళ్ల తరబడి తిరిగాయి. పైన చెప్పిన ఆయన తల్లికి నవల అందడం వెనక ఇలాంటి తిరుగుళ్లు ఉంటాయి.

పరిశోధకులకు లైబ్రేరియన్‌తో ఏం పని?

డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే దొంగ పత్రికలు పెరిగిపోతున్నాయని గుర్తించి వాటికి "ప్రిడేటరీ" (వేటాడేవి) అని పేరు పెట్టింది జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియనే. ఆయన జాబితా 2017లో మూతబడింది. అది ఒక్క మనిషి తీర్పు అన్న విమర్శలో కొంత నిజం ఉన్నా, ప్రమాదఘంట మోగించింది ఆయనే.

వెనక్కి తీసుకున్న వ్యాసాలు ఇంకో బెడద. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో రద్దు చేసింది. మధ్యలో 12 ఏళ్లు. రద్దయినా పాత ప్రింటవుట్లలో, ఇతరుల ఉల్లేఖనల్లో అలాంటి వ్యాసాలు బతికే ఉంటాయి. మీ గ్రంథసూచిలో అలాంటిది దూరిందేమో చూసుకోవడానికి థీసిస్ ఇచ్చే ముందురోజు కాదు, ఆర్నెల్ల ముందు రండి. ముందురోజు వచ్చేవాళ్లకూ చేసిపెడతాం అనుకోండి, కానీ మొహం చిట్లించుకుంటాం.

ఎవరూ రాని లైబ్రరీల మీద ప్రజల డబ్బు ఎందుకు?

రానిచోట ఎందుకు రావడం లేదో చూడాలి: తాళం వేసి ఉంటోందా, కొత్త పుస్తకం కొని ఎన్నాళ్లయింది, మనిషిని వేశారా. వస్తున్నచోట ఎవరొస్తున్నారో చూడాలి. ప్రజా గ్రంథాలయాల మీద యునెస్కో ప్రకటన మొదట 1949లో వచ్చింది, ఈమధ్య 2022లో తిరగరాశారు. అన్ని ప్రతుల్లోనూ సారం ఒకటే, ఏ తేడా చూడకుండా అందరికీ తలుపు తెరిచి ఉండాలి. ఏమీ కొనకుండా, ఎవరూ లేవమనకుండా పూటంతా కూర్చోగల నాలుగు గోడల మధ్య చోటు ఇంకెక్కడుందో చూపించండి.

ఆన్‌లైన్ దరఖాస్తు నింపలేక వచ్చే పెద్దలు ఇప్పుడు ఎక్కువయ్యారు. పాస్‌వర్డు కాగితం మీద రాసి నా చేతిలో పెట్టి "మీరే కొట్టండి బాబూ" అంటారు. కాగితం వెనక్కిచ్చేసి, కీబోర్డు వాళ్లవైపు తిప్పుతాను. అరగంట పడుతుంది. రెండోసారి పావుగంట.

రోజంతా పుస్తకాలు చదువుకోవచ్చు కదా, హాయిగా?

మిఠాయి దుకాణంలో పనిచేసేవాడు రోజంతా మిఠాయి తింటాడా?

ఈ వృత్తిలోకి రావాలంటే?

గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో డిగ్రీ, ఆపైన పీజీ. ఏ సబ్జెక్టు నుంచి వచ్చినా పనికొస్తుంది, సైన్సు చదివినవాళ్లు ఇంకొందరు వస్తే బాగుండును. కోహా లాంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఒకటి సొంతంగా ఇన్‌స్టాల్ చేసుకుని చూడండి, ఉచితమే. కోహాను న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ తన అవసరానికి చేయించుకుని 2000 సంవత్సరంలో లోకానికి ఇచ్చేసింది. ఆ పేరుకు మావోరీ భాషలో కానుక అని అర్థం. పుస్తకాలంటే ఇష్టం, మనుషులంటే చిరాకు అయితే మాత్రం ఇంకోసారి ఆలోచించుకోండి. పుస్తకాలు ఎదురు ప్రశ్న వేయవు.

చదవడం అయ్యాక పుస్తకాన్ని తీసిన అరలోనే పెట్టేయాలా?

దయచేసి వద్దు. బల్ల మీద వదిలేయండి. ఒక అర పక్కకు పెడితే ఆ పుస్తకం క్యాటలాగులో "ఉంది" అని చూపిస్తూనే ఉంటుంది, వచ్చే స్టాక్ వెరిఫికేషన్ దాకా, అంటే పుస్తకాలన్నీ లెక్క సరిచూసే దాకా, ఎవరికీ దొరకదు. ఇంకో కారణం కూడా ఉంది. సాయంత్రం బల్లల మీద మిగిలిన వాటిని మేం ఒక్కొక్కటీ లెక్క రాసుకుంటాం. ఇంటికి తీసుకెళ్లకుండా ఇక్కడే చదివిన పుస్తకాలేవో మాకు తెలిసేది అలాగే. టైప్‌రైటర్ పుస్తకాన్ని కూడా ఎవరైనా చదివి, మర్యాదగా అరలో పెట్టేసి వెళ్లారేమో.